తొడుగు తీసిన చెయ్యి

లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి 1852లో పది పడకలతో మొదలైంది. పీటర్ పాన్ కథ మీద తనకున్న హక్కులను రచయిత జె.ఎం. బ్యారీ 1929లో దానికే రాసిచ్చాడు. పసిపిల్లలకు అరుదైన జబ్బు ఏదొచ్చినా, కష్టమైన ఆపరేషన్ కావాలన్నా బ్రిటన్ నలుమూలల నుంచీ అక్కడికి పంపుతారు. ఒంట్లో రోగనిరోధక శక్తి అడుగంటిన పిల్లలు పడుకునే వార్డులవి. అలాంటి చోట 2018లో, ఇన్ఫెక్షన్లు రాకుండా చూసే విభాగం నర్సులు తోటి సిబ్బందికి ఒక మాట చెప్పడం మొదలుపెట్టారు. అవసరం లేని పనికి గ్లౌజులు వేసుకోవద్దు, వేసుకుంటే తీసెయ్యండి అని. హెలెన్ డన్, నికోలా విల్సన్ అనే నర్సులు దీన్ని ముందుండి నడిపించారు. కార్యక్రమం పేరు కూడా దాదాపు అదే: ‘గ్లౌజులు తీసేశాం’.

మొదటిసారి విన్నవాళ్లకు ఇది తలకిందుల వ్యవహారంలా తోస్తుంది. కోవిడ్ చూసిన మనకు మరీను. గ్లౌజు తొడిగిన చెయ్యి శుభ్రం, వట్టి చెయ్యి అశుభ్రం అని మనసులో ముద్ర పడిపోయింది. ఇన్ఫెక్షన్లతో పోరాడాల్సినవాళ్లే ఆ ముద్రను చెరపడానికి ఎందుకు పూనుకోవాల్సి వచ్చిందో తెలియాలంటే, గ్లౌజు ఆసుపత్రిలోకి ఎలా వచ్చిందో ముందు తెలియాలి.

అమెరికాలో బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లో మొదలైంది. సర్జరీ విభాగానికి పెద్ద విలియం హాల్‌స్టెడ్. ఆపరేషన్ గదిలో ఆయన పక్కన నిలబడి పరికరాలు అందించే నర్సు క్యారొలిన్ హ్యాంప్టన్. సౌత్ కరోలినాలో పేరున్న కుటుంబం ఆమెది. న్యూయార్క్‌లో నర్సింగ్ నేర్చుకుని వచ్చింది. ఆ రోజుల్లో ఆపరేషన్‌కు ముందు సబ్బుతో కడుక్కుంటే చాలనుకునేవాళ్లు కాదు. క్రిములు చావాలని చేతులను మెర్క్యురిక్ క్లోరైడు నీళ్లలో, అంటే పాదరసం ఉప్పు కలిపిన నీళ్లలో ముంచేవాళ్లు. రోజూ అదే పని. క్రిముల సంగతి ఎలా ఉన్నా, ఆమె చేతులూ ముంజేతులూ ఎర్రబారి పుండ్లుపడ్డాయి. ఉద్యోగం చెయ్యలేని స్థితికి వచ్చింది.

పనిమంతురాలైన నర్సును పోగొట్టుకోవడం హాల్‌స్టెడ్‌కు ఇష్టం లేదు. న్యూయార్క్ వెళ్లినప్పుడు గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీతో మాట్లాడి, మణికట్టు దాటి పైకి వచ్చే పల్చటి రబ్బరు తొడుగులు రెండు జతలు చేయించాడు. అవి పనికొచ్చాయి. 1890 జూన్‌లో ఇద్దరికీ పెళ్లయింది. వైద్యచరిత్ర చెప్పేవాళ్లు చాలామంది ఈ ప్రేమకథ దగ్గర కాసేపు ఆగుతారు. నాకు ఇందులో ముఖ్యమనిపించేది వేరొకటి. హాప్కిన్స్‌లో అడుగుపెట్టిన ఆ గ్లౌజు రోగిని కాపాడడానికి రాలేదు. క్రిమిని ఆపడానికీ రాలేదు. ఒక నర్సు చేతి చర్మం కోసం వచ్చింది.

రోగికీ దానివల్ల మేలుందని తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. క్యారొలిన్‌ను చూసి మిగతా సహాయకులూ వేసుకోవడం అలవాటు చేసుకున్నారు. హాల్‌స్టెడ్ మాత్రం ఎప్పుడో తప్ప వేసుకునేవాడు కాదు. ఆయన శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ అందరూ ఎప్పుడూ వేసుకోవాలని నియమం పెట్టి, 1899లో లెక్క బయటపెట్టాడు. నాలుగు వందల యాభైకి పైగా హెర్నియా ఆపరేషన్ల లెక్క అది. గ్లౌజులు రాకముందుతో పోలిస్తే గాయాలు చీముపట్టడం బాగా తగ్గిపోయింది. అన్నేళ్లు కళ్లెదుట ఉన్నదాన్ని ఎలా గమనించలేకపోయామో అని హాల్‌స్టెడ్ తర్వాత తానే రాసుకున్నాడు. ఆపరేషన్ గదిలో గ్లౌజు విలువ మీద ఇప్పటికీ ఎవరికీ పేచీ లేదు.

అప్పట్లో గ్లౌజు ఖరీదైన వస్తువు. ఎవరూ పారేసేవాళ్లు కాదు. మన ఆసుపత్రుల్లో పాత తరం థియేటర్ సిస్టర్లను అడిగితే చెబుతారు: ఆపరేషన్ అయ్యాక గ్లౌజులు కడగడం, నీళ్లు పోసో గాలి ఊదో చిల్లులున్నాయేమో చూడడం, లోపలా బయటా ఆరబెట్టడం, పౌడరు జల్లి, సైజుల వారీగా జతలు కట్టి ఆటోక్లేవ్‌కు పంపడం. పొద్దున కొంత, సాయంత్రం కొంత ఆ పనికే పోయేది. అంత శ్రమపడి దాచుకున్న గ్లౌజును బీపీ చూడడానికి ఎవరూ తొడగరు. 1960లలో ఆస్ట్రేలియాకు చెందిన ఆన్సెల్ కంపెనీ ఒక్కసారి వాడి పారేసే గ్లౌజులు తెచ్చింది. కడిగే పని తప్పింది. తొడిగేముందు ఒకసారి ఆలోచించే అలవాటు కూడా మెల్లగా పోయింది.

ఆ తర్వాత ఎయిడ్స్ వచ్చింది. ఏ రోగి రక్తంలో ఏముందో ముఖం చూసి చెప్పలేం కాబట్టి, ప్రతి రోగి రక్తాన్నీ ప్రమాదమైనదిగానే భావించి జాగ్రత్త పడాలని 1987లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, మార్గదర్శకాలిచ్చింది. సరైన సలహా. ఎందరో నర్సుల, ల్యాబ్ టెక్నీషియన్ల ప్రాణాలు కాపాడిన సలహా. రక్తం తగిలేచోట గ్లౌజు అన్నది దాని సారం. వార్డుల్లోకి వచ్చేసరికి అది రోగిని ముట్టుకునే ప్రతిచోటా గ్లౌజు అయింది. గోడకు పెట్టె తగిలించారు. చెయ్యి చాపితే అందుతుంది. భయం ఉన్నచోట నియమం ఎప్పుడూ చెప్పినదానికంటే రెండింతలు అమలవుతుంది. అందుకు నేను సిబ్బందిని తప్పుపట్టను. ఆ రోజుల్లో సూది గుచ్చుకున్న నర్సు పరీక్ష ఫలితం వచ్చేదాకా రాత్రుళ్లు ఎలా గడిపిందో ఆమెకే తెలుసు.

గ్లౌజుల వాడకం కోట్లలోకి వెళ్లేసరికి క్యారొలిన్ కష్టం తిరగబెట్టింది. రబ్బరుపాలలోని ప్రొటీన్లు పడక కొందరికి దద్దుర్లు, కొందరికి ఆయాసం. లోపల చల్లే పౌడరు ఆ ప్రొటీన్లను గాలిలోకి మోసుకెళ్లేది. చివరికి పౌడరు గ్లౌజులను 2017 జనవరి నుంచి అమెరికాలో పూర్తిగా నిషేధించారు. నైట్రైల్ గ్లౌజులొచ్చాయి. అవి పెట్రోలియం సరుకు. వాటిలో ఆ ప్రొటీన్లు లేవుగానీ, రబ్బరు గట్టిపడేందుకు కలిపే రసాయనాలు కొందరికి పడవు. అవి పడినవాళ్లకు కూడా చెమట తప్పదు. గంటల తరబడి తడిలో నానిన చర్మం పలుచబడుతుంది, పగుళ్లిస్తుంది. ఆ పగుళ్ల మీద స్పిరిట్ పడితే మంట. మంటకు భయపడి శానిటైజర్ మానేస్తారు, దాని బదులు మళ్లీ గ్లౌజే తొడుగుతారు. చర్మం ఇంకా పాడవుతుంది. నర్సుల చేతులు చూసిన ఏ చర్మవైద్యుడికైనా ఈ సుడిగుండం తెలిసిందే.

ఇక చేతుల శుభ్రత కథ. దానిది గ్లౌజు కంటే నలభై ఏళ్ల ముందు పుట్టుక.

వియన్నా పెద్దాసుపత్రిలో 1840లలో రెండు పురుడు వార్డులుండేవి. ఒకదాంట్లో వైద్యవిద్యార్థులు, డాక్టర్లు పురుళ్లు పోసేవాళ్లు. రెండోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల వార్డులో బాలింత జ్వరంతో ఏటా నూటికి పదిమంది దాకా తల్లులు పోయేవాళ్లు, మంత్రసానుల వార్డులో అందులో సగం కూడా కాదు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. మొదటి వార్డులో వెయ్యొద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవాళ్లు. 1847 మార్చిలో యాకొబ్ కొల్లెచ్కా అనే ప్రొఫెసర్, శవపరీక్షలో విద్యార్థి కత్తి చేతికి గుచ్చుకుని చనిపోయాడు. ఆయన శరీరంలో కనిపించిన లక్షణాలు బాలింత జ్వరానికి అచ్చుగుద్దినట్టున్నాయి. డాక్టర్లు శవాల గదిలోంచి నేరుగా పురిటి గదికి వస్తున్నారని, ఏదో వాళ్ల చేతులకే అంటుకుని వస్తోందని అక్కడి యువ వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్‌కు తట్టింది. మే నెలలో క్లోరిన్ సున్నం కలిపిన నీళ్లతో చేతులు కడగాలని నియమం పెట్టాడు. మన పంచాయతీవాళ్లు బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరే అది. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు జూన్‌కల్లా రెండు శాతం దగ్గరికి దిగాయి.

తమ చేతులే తల్లుల్ని చంపాయన్న మాట పెద్ద డాక్టర్లకు మింగుడు పడలేదు. సెమ్మెల్‌వైస్ ఉద్యోగం పోయింది. 1865లో పిచ్చాసుపత్రిలో, నలభై ఏడేళ్లకే చనిపోయాడు. క్రిముల సిద్ధాంతం స్థిరపడ్డాక లోకం ఆయన మాట ఒప్పుకుంది. అందరూ ఒప్పుకున్నారు, పుస్తకాల్లో రాసుకున్నారు, పరీక్షల్లో అడిగారు. చేతులు మాత్రం సగం సగమే కడిగారు.

ఎందుకు కడగడం లేదో తీరుబడిగా కూర్చుని లెక్కపెట్టినవాళ్లు జెనీవాలో దొరికారు. స్విట్జర్లాండ్‌లోని జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో డిడియే పిట్టే అనే వైద్యుడు 1994లో తన బృందంతో వార్డులు తిరిగి, సిబ్బంది చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలు ఎన్ని, చేసుకున్నవి ఎన్ని అని రాసిపెట్టుకోవడం మొదలుపెట్టాడు. సగానికి తక్కువే: 48 శాతం. మరీ తక్కువ ఎక్కడంటే, చేతుల శుభ్రం అన్నిటికంటే ముఖ్యమైన ఐసీయూలో. కారణం బద్ధకం కాదని లెక్కలే చెప్పాయి. ఐసీయూలో ఒక రోగి దగ్గర గంటకు ఇరవై సార్లకు పైగా చేతులు శుభ్రం చేసుకోవాల్సి వస్తుంది. సింకు దాకా నడిచి, సబ్బుతో రుద్ది, కడిగి, తుడుచుకుని రావడానికి ఒక నిమిషం, నిమిషంన్నర. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే గంటలో సగం సింకు దగ్గరే పోతుంది. ఇక మందు ఎవరిస్తారు? నూటయాభై ఏళ్లుగా పెద్దలు ‘కడగండి, కడగండి’ అని మందలిస్తూ వచ్చారు, సింకు ఎంత దూరంలో ఉందో కొలవలేదు. పిట్టే బృందం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ కొలతే.

సింకునే మంచం దగ్గరకు తేవాలి. దానికి ఉపాయం ఆ ఆసుపత్రి ఫార్మసీలోనే ఉంది. విలియం గ్రిఫిత్స్ అనే ఫార్మసిస్టు ఆల్కహాలుతో చేతులకు రుద్దుకునే ద్రావణం తయారుచేసేవాడు. పదిహేను, ఇరవై సెకన్లలో పని అయిపోతుంది. నడుస్తూ కూడా రుద్దుకోవచ్చు. ప్రతి మంచానికీ ఒక సీసా తగిలించారు, జేబులో పట్టే సీసాలు చేతికిచ్చారు. వార్డు గోడల నిండా కార్టూన్ పోస్టర్లు అంటించి, వాటికి ‘మాట్లాడే గోడలు’ అని పేరు పెట్టారు. నాలుగేళ్లలో 48 శాతం కాస్తా 66 శాతమైంది. ఆసుపత్రిలో తగులుకునే ఇన్ఫెక్షన్లు 16.9 శాతం నుంచి 9.9 శాతానికి దిగాయి. 2000లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలు వేసింది. నర్సుల్లో, వాళ్ల సహాయకుల్లో మార్పు వచ్చిందనీ, డాక్టర్లలో పెద్దగా రాలేదనీ కూడా అందులోనే ఉంది. సెమ్మెల్‌వైస్ ఉంటే ఆ వాక్యం దగ్గర తప్పకుండా ఆగేవాడు.

ఆ ద్రావణం మీద పేటెంటు తీసుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఎక్కడైనా ఎవరైనా తయారు చేసుకునేలా వంటకంలా రాసి 2009లో అందరి చేతిలో పెట్టింది. పది లీటర్లకు 96 శాతం ఇథనాల్ 8,333 మిల్లీలీటర్లు, హైడ్రోజన్ పెరాక్సైడు 417, గ్లిసరాల్ 145, మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు. 2020లో మన దేశంలో డిస్టిలరీలు, చక్కెర ఫ్యాక్టరీలు శానిటైజర్ చేయడానికి దిగినప్పుడు ఆధారం ఇలాంటి సూత్రాలే. ఆ 145 మిల్లీలీటర్ల గ్లిసరాల్ క్రిముల కోసం కాదు, చేతి చర్మం ఎండిపోకుండా ఉండడానికి. సరిగ్గా చేసిన హ్యాండ్ రబ్ మాటిమాటికీ సబ్బుతో కడగడం కంటే చర్మానికి మెత్తన. విరేచనాలు తెప్పించే సి. డిఫిసిల్ లాంటి కొన్ని బ్యాక్టీరియాల బీజాలు ఆల్కహాలుకు చావవు. అలాంటి రోగి దగ్గరా, చెయ్యి కంటికి కనిపించేలా మురికైనప్పుడూ సబ్బూ నీళ్లే వాడాలి.

చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలో కూడా జెనీవా బృందం ఐదు సందర్భాలుగా తేల్చింది. రోగిని ముట్టుకునే ముందు. సూదిమందు, డ్రెస్సింగ్ లాంటి శుభ్రమైన పని చేసే ముందు. రక్తమో, ఒంట్లోంచి వచ్చే మరేదైనా తగిలే అవకాశం ఉన్న పని తర్వాత. రోగిని ముట్టుకున్న తర్వాత. మంచమో, స్టాండో, రోగి పక్కనున్న వస్తువులు ముట్టుకున్న తర్వాత. గ్లౌజు అడ్డొచ్చేది సరిగ్గా ఈ ఐదింటికే.

మా బంధువొకాయన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నప్పుడు వార్డులో కూర్చుని చూసిన దృశ్యం చెబుతాను. సిస్టరమ్మ గ్లౌజులు తొడుక్కుని వచ్చింది. సెలైన్ సీసా మార్చింది, స్టాండు జరిపింది, జేబులోంచి పెన్ను తీసి కేస్ షీట్ మీద రాసింది, మోగుతున్న ఫోను ఎత్తింది. అదే గ్లౌజులతో పక్క మంచం దగ్గరికెళ్లి పెద్దాయన క్యాన్యులా సరిచేసింది. వట్టి చేతులతో ఉంటే మధ్యలో ఒక్కసారన్నా శానిటైజర్ సీసా నొక్కేదేమో. గ్లౌజు ఉంది కాబట్టి తన చెయ్యి శుభ్రంగా ఉందనే ఆమె నమ్మకం. చెయ్యి శుభ్రంగానే ఉంది, గ్లౌజే శుభ్రంగా లేదు. కాసేపటికి ఆమె గ్లౌజులు తీసి, చేతులకు శానిటైజర్ రాసుకుని ఇంకో రోగి నాడి చూడబోతే, ఆయన కొడుకు అడ్డుపడ్డాడు. “ఏం సిస్టర్, గ్లౌజులేసుకోకుండానే ముట్టుకుంటున్నారు మా నాన్నని?” ఆమె మారుమాట్లాడకుండా వెళ్లి కొత్త జత తొడుక్కొచ్చింది. ఆ రోజు ఆమె చేసిన పనుల్లో అన్నిటికంటే సరైనది ఆయన అడ్డుపడినదే.

ఇది ఒక్క వార్డు సంగతి కాదు. 2011లో ఇంగ్లండ్, వేల్స్‌లలోని పదిహేను ఆసుపత్రుల్లో సిబ్బంది చేతులను ఏడువేల ఐదొందలకు పైగా సందర్భాల్లో గమనించి అచ్చువేసిన అధ్యయనం ఉంది. గ్లౌజులు లేనప్పుడు చేతులు శుభ్రం చేసుకున్నది 50 శాతం, వేసుకున్నప్పుడు 41 శాతం. ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ప్రమాదం తక్కువున్న పనులకు గ్లౌజులు వేసుకున్నవాళ్లూ ఉన్నారు, నిజంగా ప్రమాదమున్న పనులకు వేసుకోనివాళ్లూ ఉన్నారు. అంటే గ్లౌజు ఆలోచించి వేసుకునేది కాకుండా పోయింది. గ్లౌజు తీసేటప్పుడు బయటి మురికి చేతికి అంటుకోవడం మామూలే, కంటికి కనిపించని చిల్లులూ ఉంటాయి. కాబట్టి తీసిన వెంటనే చేతులు శుభ్రం చేసుకోవాలి. తీసిపారేస్తే పని అయిపోయిందని అనుకునేవాళ్లే ఎక్కువ.

లండన్‌లో జెన్నీ విల్సన్, హెదర్ లవ్‌డే అనే నర్సింగ్ పరిశోధకులు ఒక అడుగు ముందుకేసి, ఎందుకు వేసుకుంటున్నారని సిబ్బందినే అడిగారు. వచ్చిన జవాబుల్లో రెండు గట్టివి. ఒకటి, జంకు, ఏవగింపు. రెండోది, తోటివాళ్లు వేసుకుంటున్నారు కదా అన్నది. కొత్తగా చేరిన నర్సు సీనియర్‌ను చూసి వేసుకుంటుంది, ఆమెను చూసి ఆ తర్వాత చేరిన అమ్మాయి. ఇలాంటి అలవాటు సర్క్యులర్ అంటించినంత మాత్రాన పోదు.

గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ నర్సుల దగ్గరికి మళ్లీ వస్తే, వాళ్ల ఎదుట ఉన్న చిక్కుల్లో రెండు ముఖ్యమైనవి. సిబ్బంది చేతుల చర్మం పాడవుతోంది. క్యారొలిన్ బాధే, నూట ముప్పై ఏళ్ల తర్వాత, ఆమె కోసం పుట్టిన వస్తువు వల్లనే. రెండోది, సెలైన్‌లో ఎక్కించే మందులు కలిపేటప్పుడు, పిల్లలకు ఇచ్చేటప్పుడు గ్లౌజులు వేసుకోవడం. మామూలు యాంటీబయాటిక్ కలపడానికి కూడా వేసుకునేవాళ్లు. మందు చేతికి తగిలితే ఏమవుతుందోనన్న అనుమానం, నేర్పినవాళ్లు అలాగే నేర్పడం. పిల్లల ఆసుపత్రిలో రోజుకు అలా కలిపే మందులెన్నో ఊహించుకోవచ్చు.

నిజంగా ప్రమాదముందా లేదా అని మందుల వారీగా తేల్చారు. క్యాన్సర్ మందుల్లాంటివి కలిపేటప్పుడు గ్లౌజు తప్పనిసరి, అందులో మార్పు లేదు. మిగతావాటికి కావలసింది శుభ్రమైన చేతులు, సీసా మూతనూ సూదినీ ముట్టుకోకూడనిచోట ముట్టుకోకుండా పని చేసే నేర్పు. ఆ తర్వాత వార్డువార్డుకూ తిరిగి చెప్పారు. నిషేధం పెట్టలేదు. పెట్టె దగ్గరికి చెయ్యి వెళ్లేముందు ఒక ప్రశ్న వేసుకోమన్నారు: ఈ పనిలో నా చేతికి రక్తం, ఒంటి స్రావాలు, పుండు, నోటి లోపలి పొరలాంటివి, హానిచేసే రసాయనం, వీటిలో ఏదైనా తగులుతుందా? తగిలేట్టయితే వేసుకో. లేకపోతే చేతులు శుభ్రం చేసుకుని వట్టి చేతులతో చెయ్యి. ఇది వాళ్లు కనిపెట్టిన సూత్రమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే గ్లౌజుల వాడకాన్ని పిరమిడ్ బొమ్మగా గీసి చూపింది. శిఖరాన ఆపరేషన్లు, పురుళ్లు, అక్కడ స్టెరైల్ గ్లౌజులు. మధ్యలో రక్తం తీయడం, క్యాన్యులా పెట్టడం, వాంతులూ మలమూత్రాలూ శుభ్రం చేయడం, అక్కడ మామూలు గ్లౌజులు. అడుగున అన్నిటికంటే వెడల్పైన భాగం గ్లౌజు అక్కర్లేనిది: బీపీ, జ్వరం, నాడి చూడడం, కండకో చర్మం కిందికో సూదిమందు, రోగిని చక్రాల కుర్చీలో తీసుకెళ్లడం, మాత్రలివ్వడం, భోజనం పళ్లేలు పంచడం, ఫోను, రాతపని. తొమ్మిదేళ్లుగా కాగితం మీదున్న ఆ అడుగు భాగాన్ని వార్డులో అమలు చేసి చూపడమే ఆ నర్సుల ఘనత.

మొదటి సంవత్సరంలోనే ఆ ఒక్క ఆసుపత్రిలో 21 టన్నుల ప్లాస్టిక్ తగ్గింది. 90 వేల పౌండ్లకు పైగా డబ్బు మిగిలింది. బ్రిటన్‌లో మిగతా ఆసుపత్రులు అదే దారి పట్టాయి. నర్సుల సంఘమైన రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ ఏటా గ్లౌజుల అవగాహన వారం జరుపుతోంది. లెక్కకు రానిది ఒకటుంది. నెలల తరబడి ఆసుపత్రి మంచం మీదే పెరిగే పసివాడికి మనిషి స్పర్శ అంటే రబ్బరు స్పర్శే కావడం ఎంత లోటో పిల్లల్ని పెంచినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వట్టి చేత్తో నుదురు నిమిరే నర్సు ఉండడం వైద్యంలో భాగమేనని నా నమ్మకం.

రెండేళ్లు తిరగకుండానే కోవిడ్ వచ్చింది. గ్లౌజులు మళ్లీ ఇబ్బడిముబ్బడి అయ్యాయి. ఆ మొదటి ఆరు నెలల్లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో, కేర్ హోముల్లో వాడిన రక్షణ సామగ్రి వల్ల విడుదలైన కర్బన ఉద్గారాలు లక్షా ఆరువేల టన్నుల పైచిలుకని మహమూద్ భుట్టా, ఆయన సహచరులు లెక్కగట్టారు. అందులో పెద్ద వాటా గ్లౌజులదే. అవి ఎక్కువగా తయారయ్యే మలేసియాలో నేపాల్, బంగ్లాదేశ్‌ల నుంచి అప్పులు చేసి వచ్చిన కూలీల పరిస్థితి చూసి, వెట్టిచాకిరీ ఆరోపణల మీద 2020 జులైలో అమెరికా కస్టమ్స్ శాఖ అక్కడి ఒక పెద్ద ఉత్పత్తిదారు సరుకును అడ్డుకుంది. అవసరం లేకుండా తొడిగి తీసిన ప్రతి జత వెనుకా ఆ కార్మికుల చేతులూ ఉన్నాయి.

మన దగ్గర సమస్యకు ఇంకో ముఖం ఉంది. ఒకచోట అక్కర్లేని గ్లౌజు, పక్కనే అక్కరున్నప్పుడు దొరకని గ్లౌజు. పురుడు పోసే సిస్టరుకు సైజు కుదిరిన జత దొరకదు, ఓపీలో బీపీ చూసే అబ్బాయి పొద్దున వేసుకున్నది మధ్యాహ్నం దాకా తియ్యడు. ఆదా చేయాల్సింది రెండోచోట, ఆ ఆదాతో కొనాల్సింది మొదటిచోట. వాడిన గ్లౌజులను ఎర్ర సంచిలో వెయ్యాలని, ఆవిరితో శుద్ధిచేసి ముక్కలు చేయాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. గ్లౌజు చేతుల శుభ్రతకు ప్రత్యామ్నాయం కాదని 2020లో కేంద్రం విడుదల చేసిన ఇన్ఫెక్షన్ నివారణ మార్గదర్శకాల్లోనూ ఉంది. రోగి కొడుకు అడ్డుపడినప్పుడు సిస్టర్ వెనక నిలబడి, ‘ఆమె చేస్తున్నదే సరైనది బాబూ’ అని చెప్పే పెద్ద డాక్టరో, సూపరింటెండెంటో ఉంటే ఆ కాగితానికి ప్రాణమొస్తుంది.

మొదలుపెట్టాలనుకునే ఆసుపత్రికి పెద్ద ఖర్చేమీ లేదు. స్టోర్‌లో గ్లౌజుల ఇండెంటు, హ్యాండ్ రబ్ ఇండెంటు పక్కపక్కన పెట్టి చూడాలి. వెయ్యి రోగి దినాలకు కనీసం 20 లీటర్ల హ్యాండ్ రబ్ ఖర్చవుతోందా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మదింపు పత్రంలో అడుగుతుంది. జెనీవాలో 1993లో అది మూడున్నర లీటర్లే, 1998కి పదిహేను దాటింది. వంద పడకలు నిండుగా ఉన్న ఆసుపత్రిలో పది రోజులైతే వెయ్యి రోగి దినాలు. అంటే పది రోజులకు 20 లీటర్లు, ఒక్కో రోగికి రోజుకు 20 మిల్లీలీటర్లు. ఒకసారికి మూడు మిల్లీలీటర్లు అనుకుంటే, డాక్టరూ నర్సూ ఆయమ్మా ల్యాబ్ అబ్బాయీ అందరూ కలిసి ఆ రోగి దగ్గర రోజుకు ఆరేడుసార్లు చేతులు రుద్దుకున్నట్టు.